నడక సంగతి తెలియాలంటే సెన్సార్ ఎక్కడ కట్టాలి: చేతికా, నడుముకా, పాదానికా?

"నాన్నగారికి ఏ వాచ్ కొనమంటారండీ?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో, పెద్దవాళ్లిద్దరే ఇక్కడ ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో, బాత్‌రూమ్‌లో కాలు జారి పడతారేమోనని వీళ్లకి అక్కడ ఒకటే టెన్షన్. నేను విశాఖలో ఇళ్లకి వెళ్లి నడక నేర్పే ఫిజియోథెరపిస్టుని కాబట్టి ముందే చెప్పేస్తున్నా: పడ్డాక మీకు తెలియాలంటే వాచ్ కొనండి. పడకముందే నడకలో తేడా పట్టుకోవాలంటే మాత్రం సెన్సార్ నడుముకి కట్టాలి.

వాచ్‌లోనూ ఫోన్‌లోనూ ఆసుపత్రి పరికరంలోనూ పని చేసేవి ముఖ్యంగా రెండే. యాక్సెలరోమీటర్ కుదుపుని పడుతుంది, గైరోస్కోప్ ఎంత వేగంగా తిరిగామో చెబుతుంది. చిప్ ఒకటే అయినా కట్టిన చోటుని బట్టి అది చెప్పే సంగతి మారిపోతుంది.

వాచ్‌కి ఉన్న పెద్ద సుగుణం, పెట్టుకున్నాక మర్చిపోవచ్చు. ఆపిల్ 2018లో తెచ్చిన నాలుగో సిరీస్ నుంచి మనిషి గట్టిగా పడితే గుర్తుపట్టి, కదలిక లేకపోతే ఫోన్ చేసే ఏర్పాటు కూడా ఉంది. ఒంటరిగా ఉండేవాళ్లకి అది నిజంగా మేలు, కాదనను. కానీ నడకని వాచ్ చూసేది చెయ్యి ఊపులోంచి. రైతుబజారు నుంచి రెండు చేతులా సంచులు మోసుకొస్తుంటే చెయ్యి ఊగదు, వాచ్ లెక్కలో అడుగులు తగ్గిపోతాయి. వాకర్ పట్టుకుని నడిచే మామ్మగారికైతే ఇంకా ఘోరం, హాలంతా తిరిగినా వాచ్‌కి ఆవిడ దాదాపు కూర్చున్నట్టే లెక్క. అసలు ఎవరి నడక మీద మనకి బెంగో ఆ నిదానంగా ఈడుస్తూ నడిచేవాళ్ల దగ్గరే వాచ్ ఎక్కువ తడబడుతుంది. పైగా రోజుకి పదివేల అడుగులన్న లెక్క 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటర్ అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఉన్న డెబ్భై ఏళ్ల మనిషిని ఆ అంకె చూపించి కంగారు పెట్టకండి.

ఫోన్ సంగతికొస్తే, 2021 నుంచి ఐఫోన్ నడక నిలకడని అంచనా వేస్తోంది, అడుగు పొడవు, వేగం, రెండు కాళ్ల మధ్య తేడా కూడా చూపిస్తుంది. బాగానే ఉంటుంది గానీ ఫోన్ నడుము దగ్గర, జేబులో ఉండాలి. మన ఇళ్లలో చీర కట్టుకున్న అమ్మకి జేబెక్కడిది, లుంగీ కట్టుకున్న తాతయ్యకి జేబెక్కడిది? చొక్కా పైజేబులో వేస్తే ఫోన్ అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఆ కుదుపు కూడా నడకలో కలిసిపోతుంది.

అందుకే నా ఓటు నడుముకి. వెన్ను కింది భాగంలో, మొలతాడు ఉండే చోట, ఒంటి బరువుకి మధ్య అన్నమాట. అక్కడ ఎలాస్టిక్ బెల్టుతో సెన్సార్ బిగిస్తే మనిషి మొత్తంగా ఎలా కదులుతున్నాడో తెలుస్తుంది. చీర మడతల మీద కట్టకూడదు, కుచ్చిళ్లు ఊగినప్పుడల్లా అదీ ఊగుతుంది. లోపల పల్చటి బట్ట మీద బిగించాలి. మన విశాఖ చెమటకి ఒట్టి టేపు ఎంతోసేపు నిలవదు.

దీని విలువ తెలియాలంటే కుర్చీ పరీక్ష చూడాలి. 1991లో వచ్చిన పద్ధతి: కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. స్టాప్‌వాచ్ చాలు, పైసా ఖర్చు లేదు, ఇంట్లో అందరూ చెయ్యొచ్చు. కానీ స్టాప్‌వాచ్ ఇచ్చేది ఒకే అంకె. ఇద్దరికీ 14 సెకన్లు పట్టిందనుకోండి. ఒకాయన నడక బాగానే ఉంది, కుర్చీలోంచి లేవడానికే రెండుసార్లు ముందుకి ఊగి, చేతులు ఆనించి, అప్పుడు లేచాడు. ఇంకొకావిడ టక్కున లేచింది గానీ వెనక్కి తిరిగే చోట చిన్నచిన్న అడుగులు వేసుకుంటూ గోడ వైపు చెయ్యి చాపింది. నడుముకి సెన్సార్ ఉంటే లేవడం, నడవడం, తిరగడం, కూర్చోవడం విడివిడిగా కనబడతాయి. లేచేటప్పుడు ఒళ్లు ఎంత వంగిందో, తిరగడానికి ఎంతసేపు పట్టిందో గైరోస్కోప్ గీత చెబుతుంది. ఆయనకి తొడ బలం పెంచాలి, ఆవిడకి తూలకుండా తిరగడం నేర్పాలి. అంకె ఒకటే అయినా ఇద్దరికీ ఒకే వ్యాయామం ఇస్తే ఒకరికి అన్యాయం చేసినట్టే.

కాళ్లు దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుని నిలబడితే ఒళ్లు ఎంత ఊగుతోందో కూడా ఈ నడుము సెన్సారే చెబుతుంది. చేతి వాచ్‌కి ఆ పని చేతకాదు.

మరి పాదానికి కట్టేవో? అడుగు వివరాలకి వాటికి సాటి లేదు. యాక్సెలరోమీటర్ లెక్కలోంచి దూరం తీస్తే చిన్న తప్పు కూడా క్షణాల్లో కొండంత అవుతుంది, కానీ పాదం ప్రతి అడుగుకీ ఒక్క క్షణం నేల మీద ఆగుతుంది కదా, ఆ క్షణంలో వేగాన్ని సున్నా అనుకుని లెక్క మళ్లీ మొదలుపెడతారు. అందుకే అడుగు పొడవు నడుము కన్నా ఇక్కడే బాగా వస్తుంది. పక్షవాతం వచ్చి ఒక కాలు ఈడుస్తున్నవాళ్లకీ, పార్కిన్సన్స్ అనే నరాల జబ్బులో గుమ్మం దగ్గర కాలు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయేవాళ్లకీ పాదానికో పిక్కకో కట్టడమే మేలు. చిక్కేంటంటే రెండు కాళ్లకీ కట్టాలి, రెండు సెన్సార్ల టైమూ ఒకదానితో ఒకటి కలవాలి, ఛార్జింగ్ చూసుకోవాలి. బూటుకి తగిలించే రకమైతే ఇంట్లో ఉత్త కాళ్లతో తిరిగేవాళ్లకి పనికిరాదు. ఆర్కే బీచ్‌లో రోడ్డు మీద బాగా వచ్చిన లెక్క ఇసుకలోకి దిగితే చెడొచ్చు, అక్కడ పాదం ఆగకుండా కూరుకుపోతూ జారుతుంటుంది.

కాబట్టి ఇంట్లోవాళ్లయితే ఒంటరి పెద్దలకి వాచ్ ఉంచి, నెలకోసారి స్టాప్‌వాచ్‌తో కుర్చీ పరీక్ష చెయ్యండి. సెకన్లు పెరుగుతుంటే నడుము సెన్సార్ ఉన్న ఫిజియో దగ్గరికి తీసుకెళ్లండి. ప్రతిసారీ అదే కుర్చీ, అవే చెప్పులు, అదే గచ్చు ఉండాలి, లేదంటే పోల్చడానికి లేదు. పరీక్ష చేసేటప్పుడు పక్కనే ఒక మనిషి నడవాలి, పట్టుకోకుండా, తూలితే చెయ్యి అందేంత దగ్గరలో.