మూడు గంటలు కూర్చోబెట్టారు, అయినా నాలుగు స్టార్లు

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క సందులో ఉండే క్యాన్సర్ క్లినిక్. పేరు రాయను, ఎందుకంటే కొంచెం తిట్టబోతున్నా. అపాయింట్‌మెంట్ పదింటికిచ్చి లోపలికి పిలిచింది ఒంటిగంట దాటాక, ఆరు కుర్చీలకి ఇరవై మంది జనం, బండి పెట్టుకోను చోటు లేదు. దానికి ఒక స్టార్ కట్.

మా బావకి తొడలో గడ్డ. కండ పట్టేసిందేమో, పుత్తూరు కట్టు కట్టిద్దామంది మా అత్త. బయాప్సీ చేస్తే సార్కోమా, అంటే కండ, కొవ్వు, ఎముక లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్ అని తేలింది. ఇంతలో ఎవడో ఏజెంటు, క్యాన్సర్‌ని తినేసే వైరస్ ఇంజెక్షన్ తెప్పిస్తాం, అడ్వాన్స్ కట్టండి అని ఒకటే ఫోన్లు. ఆ టెన్షన్‌తోనే ఇక్కడికొచ్చాం.

డాక్టరమ్మ నవ్వలేదు, కసురుకోలేదు. స్కాన్ కవర్ వెనక బాల్‌పెన్‌తో గుండ్రంగా కణం గీశారు. వైరస్ వస్తే మామూలు కణం ఇంటర్‌ఫెరాన్ అనే కాపలా ప్రోటీన్‌తో అడ్డుకుంటుందట, చాలా క్యాన్సర్ కణాల్లో ఆ కాపలా చెడిపోయి ఉంటుంది కాబట్టి వైరస్ అక్కడ కూర్చుని పిల్లలు పెడుతుందట. కణం చావడంలోనూ రకాలున్నాయి. అపోప్టోసిస్ అంటే తనంతట తానే ముడుచుకుని, ముక్కలై, సాధారణంగా చప్పుడు లేకుండా పోవడం. నెక్రోప్టోసిస్ అయితే మాగిన టమోటా పగిలినట్టు పొర చిట్లి లోపలిదంతా బయటపడుతుంది, అది చూసి రోగనిరోధక కణాలు మేల్కొని వైరస్ తగలని గడ్డ కణాల మీదకి కూడా వెళ్లొచ్చు. చాలా సార్కోమా గడ్డల్లో ఆ రోగనిరోధక కణాలే తక్కువట, అందుకే వాటిని లోపలికి రప్పించే చావు కావాలి. చచ్చే తీరులో ఇంత తేడా ఉంటుందని నాకు అస్సలు తెలీదు!

మరి మా బావకి వెయ్యరా అంటే, సూటిగా వద్దన్నారు. 2015లో అమెరికా అనుమతిచ్చిన టీ-వెక్ అనే హెర్పిస్ వైరస్ మందు మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి, దీనికి కాదు. సార్కోమాలో దాన్ని ఇమ్యునోథెరపీతో (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే మందుతో) కలిపి 20 మందికిస్తే 7 మందిలో గడ్డ తగ్గింది, కానీ అది ట్రయల్, పైగా సార్కోమాలు యాభై రకాల పైనే. బావకి ముందు సర్జరీ, అవసరమైతే రేడియేషన్.

ఏజెంటు నంబర్ని బావ క్లినిక్ మెట్ల మీదే బ్లాక్ చేశాడు. స్కాన్ కవర్ని మా అత్త పారెయ్యనివ్వట్లేదు.

వెళ్లేవాళ్లు రిపోర్టు కాగితంతో పాటు బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కని మైనంలో పెట్టినవి) కూడా పట్టుకెళ్లండి, మేం మర్చిపోయి రెండోసారి తిరిగాం. మంచినీళ్లు కూడా.