గోల్డ్‌ఫిష్ బెదురు తీరాలంటే తోడా, చాటా?

మా బరంపురంలో కొత్త గోల్డ్‌ఫిష్ మూలన నక్కిందంటే చాలు, "ఇంకోటి తెచ్చి వెయ్యండి, తోడుంటే కుదుటపడుతుంది" అంటారు. అబద్ధమేం కాదు, అవి గుంపులో ఉండే చేపలే. కానీ కొత్త తొట్టిలో మలినాన్ని విరిచే బ్యాక్టీరియా ఇంకా పెరిగి ఉండదు. రెండో చేపతో నీళ్లలో అమ్మోనియా, అంటే చేపల మలినం నుంచి వచ్చే విషం, పెరుగుతుంది, తెల్లమచ్చల జబ్బూ వెంట రావచ్చు.

నా ఓటు ముందు చాటుకే. అనూబియాస్ మొక్కను రాయికి దారంతో కట్టి, దుంప ఇసుకలో పూడకుండా ఓ మూల పెట్టండి. ఆకులు మందం కాబట్టి గోల్డ్‌ఫిష్ తొందరగా కొరికెయ్యదు. తొలిరోజు లైటు వద్దు, మేతా వద్దు. పిల్లలు అద్దం మీద తట్టకుండా ఆపడమే అసలు టెన్షన్!

చేప మేతకు పైకొస్తుంటే, నీళ్ల టెస్టులో అమ్మోనియా, అది విరిగితే వచ్చే మరో విషం నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తుంటే అప్పుడు తోడు తేవచ్చు. దాన్నీ కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచాకే కలపండి.