ప్లాంటెడ్ ట్యాంక్ అడుగున ఏది మేలు: ఆక్వా సాయిలా, పెరటి మట్టా, ఒట్టి గ్రావెలా?

ప్లాంటెడ్ ట్యాంక్, అంటే చేపలతో పాటు నిజమైన నీటి మొక్కలు పెంచే అక్వేరియం, కొత్తగా పెట్టుకునేవాళ్ళు ముందు అడిగేది లైట్ ఏది కొనాలి, ఫిల్టర్ ఏది కొనాలి అని. అవి నచ్చకపోతే రేపైనా మార్చుకోవచ్చు. అడుగున వేసింది మార్చాలంటే మాత్రం చేపల్ని బకెట్లోకి తీసి, మొక్కలన్నీ పీకి, ట్యాంక్ మొత్తం ఖాళీ చెయ్యాల్సిందే, అందుకే నన్నడిగితే మొదట తేల్చుకోవాల్సింది ఇదే. మనవాళ్ళు ఎక్కువమంది మొదలుపెట్టేది రెండడుగుల ట్యాంక్‌తో, అంటే 60×30×30 సెంటీమీటర్లు, సుమారు 54 లీటర్లు, దాన్ని దృష్టిలో పెట్టుకునే చెప్తున్నా.

దానికంటే ముందు మీ ఇంటి నీళ్ళు చూడండి. కుళాయి మూతికి, బకెట్ అంచుకి తెల్లగా ఉప్పు పేరుకుంటోందంటే అవి హార్డ్ వాటర్, హైదరాబాద్‌లో బోరు మీద నడిచే అపార్ట్‌మెంట్లలో చాలావాటి పరిస్థితి ఇదే. కేహెచ్, అంటే నీళ్ళలో కార్బొనేట్ ఎంతుందో చూపించే టెస్ట్ కిట్ ఒకటి కొని చూసుకుంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మట్టికీ నీళ్ళకీ ఏంటి సంబంధం అంటారా, ఆక్వా సాయిల్ విషయంలో మొత్తం కథ అంతా అక్కడే ఉంది.

ఆక్వా సాయిల్ అంటే మట్టిని చిన్న గుళికలుగా తయారుచేసి అమ్మేది. జపాన్‌లో తకాషి అమానో పెట్టిన ఏడీఏ కంపెనీ అమెజోనియా దీంట్లో బాగా పేరున్నది, ఇప్పుడు వేరే బ్రాండ్లూ చాలా ఉన్నాయి. 9 లీటర్ల బ్యాగ్ ఒకటి రెండడుగుల ట్యాంక్‌లో పరిస్తే సరిగ్గా 5 సెంటీమీటర్ల మందం వస్తుంది, ఖర్చు మాత్రం వేలల్లోనే. కడగకూడదు, ఒక గుళిక తీసి తడి చేసి వేళ్ళ మధ్య నొక్కండి, మెత్తగా బురదైపోతుంది, కడిగితే బ్యాగ్ అంతా అదే అవుతుంది. ఇందులో మొక్కకి కావాల్సిన పోషకాలు ముందే ఉంటాయి, పైగా నీళ్ళలో కేహెచ్‌ని లాగేసి పీహెచ్‌ని 7 కంటే కిందకి దించుతుంది. మాంటె కార్లోలాంటి చిన్న మొక్కలు పచ్చిక పరిచినట్టు అల్లుకోవాలన్నా, ఎర్ర రోటాలా మొక్కలు రంగు తేలాలన్నా, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ పెట్టుకుని దీని మీద పెంచితే వచ్చే ఫలితం వేరే దేనితోనూ అంత తేలిగ్గా రాదు, ఇది ఒప్పుకోవాల్సిందే. క్రిస్టల్ ష్రింప్ అనే చిన్న రొయ్యలు పెంచేవాళ్ళకైతే వేరే మాటే లేదు, వాటికి ఆ మెత్తటి నీళ్ళే, అంటే కేహెచ్ తక్కువున్న నీళ్ళే కావాలి.

కానీ ఆ నీటిని మెత్తబరిచే గుణం ఎప్పటికీ ఉండేది కాదు. గుళిక పట్టుకోగలిగినంత పట్టుకుంటుంది, నిండాక ఆగిపోతుంది. మీరు వారం వారం బోరు నీళ్ళు మారుస్తుంటే ప్రతి బకెట్‌తో కొత్తగా కార్బొనేట్ పోస్తున్నట్టే, కొన్ని నెలల్లోనే ఆ పని అయిపోతుంది, తర్వాత మిగిలేది పోషకాలున్న ఖరీదైన మట్టి మాత్రమే. నిలబెట్టుకోవాలంటే ఆర్‌ఓ నీళ్ళు తీసుకుని దాంట్లో మినరల్స్ కలుపుకుంటూ పోవాలి. అందుకే నేను సూటిగా చెప్తా, బోరు నీళ్ళ ఇంట్లో ఆర్‌ఓ పెట్టుకునే ఉద్దేశం లేకపోతే ఆక్వా సాయిల్ కొనొద్దు, మీరు డబ్బు పెట్టే గుణం మీకు దక్కదు.

ఇంకోటి, మొదట్లో చాలా ఆక్వా సాయిల్స్ అమ్మోనియా వదులుతాయి. భీమవరం, కైకలూరు వైపు చెరువులు చేసేవాళ్ళకి అమ్మోనియా ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు, చేపలకి అది విషం, మిగతావాళ్ళు మాత్రం టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా చేప జోలికి పోకండి. మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఈలోపు సగం సగం నీళ్ళు తరచుగా మారుస్తూ ఉండాలి.

ఇక పెరటి మట్టి. డయానా వాల్‌స్టాడ్ అనే అమెరికన్ ఆవిడ పేరుతో వాల్‌స్టాడ్ పద్ధతి అంటారు, అడుగున ఒక అంగుళం మట్టి, దాని మీద ఒక అంగుళం ఇసుక, సీఓటూ లేదు, గట్టి లైట్ లేదు. నాకు ఈ పద్ధతి మీద ఉన్న ఇష్టం దాచుకోను. అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకోరైన్, వాలిస్నేరియా లాంటి వేర్లతో పోషకాలు తీసుకునే మొక్కలు దీంట్లో ఎంత బలంగా వస్తాయో చూస్తే తప్ప నమ్మరు, పైగా వాలిస్నేరియాకి హార్డ్ వాటర్ అంటే అసలు ఇబ్బందే లేదు, నీళ్ళలోని బైకార్బొనేట్ నుంచే కార్బన్ తీసుకోగలదు. గప్పీలు, ప్లాటీలు, మోలీలు కూడా ఆ నీళ్ళకి సరిపోయే చేపలే. అంటే మన బోరు నీళ్ళతో కొట్లాడకుండా పెట్టుకునే ట్యాంక్ ఇది.

అయితే ఏ మట్టి పడితే ఆ మట్టి కాదు. నర్సరీలో కలిపి అమ్మే మట్టి తేవద్దు, దాంట్లో వేపపిండి, వర్మికంపోస్ట్, ఒక్కోసారి డీఏపీ గుళికలు కూడా ఉంటాయి, వేపపిండి చేపలకి మంచిది కాదు, ఎరువులేమో అమ్మోనియా పెంచుతాయి. నల్లరేగడి ఒక్కటే వేస్తే ఉబ్బి, కదిలినప్పుడల్లా నీళ్ళు బురదవుతాయి. మందులు కొట్టని చోట తీసిన ఎర్రమట్టి మంచిది. పైన వేసే ఇసుక మరీ సన్నగా ఉండకూడదు, 2 మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటే మట్టికి గాలి ఆడుతుంది. కడిగాక గుప్పెడు గిన్నెలో వేసి వెనిగర్ పొయ్యండి, బుసబుసమని నురగొస్తే సున్నపు రాళ్ళు కలిసినట్టు, అది వాడొద్దు. సముద్రం ఇసుక అసలే వద్దు, ఉప్పూ గవ్వలూ రెండూ ఉంటాయి.

దీంతో ఇబ్బంది ఎక్కడంటే, చెయ్యి పెట్టి మాటిమాటికీ మొక్కలు మార్చేవాళ్ళకి ఇది పడదు. ముదిరిన క్రిప్టోకోరైన్ ఒక్కటి వేళ్ళతో సహా లాగితే చాలు, దాని వెంట మట్టి పొగలా లేచి ట్యాంక్ అంతా కమ్మేస్తుంది. తియ్యాల్సి వస్తే కత్తెరతో మొదలు దగ్గర కోసెయ్యండి, వేళ్ళు లోపలే ఉండిపోనివ్వండి. మొదటి వారాల్లో అడుగు నుంచి బుడగలొస్తాయి, కంగారొద్దు, కానీ కుళ్ళిన గుడ్డు వాసన వస్తే సన్నని పుల్లతో అక్కడక్కడ మెల్లగా గుచ్చాలి.

ఒట్టి గ్రావెల్‌ని అంటే పోషకాల్లేని చిన్న గులకరాళ్ళని, చాలామంది చిన్నచూపు చూస్తారు, అది అన్యాయం. అనూబియాస్, జావా ఫెర్న్, నాచు ఇవి చెక్కకో రాయికో కట్టేసేవి, వాటికి అడుగుతో పనే లేదు. వేర్లతో తినేవాటికి మొదట్లో రూట్ ట్యాబ్, అంటే వేర్ల దగ్గర పెట్టే ఎరువు బిళ్ళ గుచ్చి, రెండు మూడు నెలలకోసారి ఇంకోటి పెట్టుకుంటే సరిపోతుంది. డిజైన్ మార్చే అలవాటున్నా, అడుగు తవ్వే గోల్డ్‌ఫిష్ లాంటి చేపలున్నా ఇదే తీసుకోండి, సైఫన్ పెట్టి శుభ్రం చెయ్యడం కూడా తేలిక.

నా లెక్కలో మొదటి ట్యాంక్, బోరు నీళ్ళు, తక్కువ ఖర్చు అయితే మట్టి మీద ఇసుకే మేలు. మెత్తటి నీళ్ళూ సీఓటూ ఉంటే ఆక్వా సాయిల్. కుదురుగా ఉండలేని చెయ్యి అయితే గ్రావెల్.

మట్టి ట్యాంక్ ఎండాకాలంలో మాత్రం మొదలుపెట్టకండి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, కొత్త మట్టిలో బ్యాక్టీరియా దాన్నే ఎక్కువ తాగేస్తుంది, పైగా పీహెచ్ ఎక్కువున్న వేడి నీళ్ళలో అమ్మోనియా ఇంకా విషం. వానలు పడి చల్లబడ్డాక పెట్టండి, ఈలోపు ఎర్రమట్టి జల్లించి ఒక టబ్‌లో నానబెట్టి, పైకి తేలిన పుల్లా ఆకూ తీసేస్తూ నీళ్ళు మారుస్తూ ఉంటే ట్యాంక్‌లోకి వెళ్ళేసరికి సగం గొడవ టబ్‌లోనే తీరిపోతుంది.