నికోటిన్ గమ్ 2 ఎంజీ: ఖైనీ మానడానికి మూడు నెలలు వాడాను

గాజువాక ఆటోనగర్‌లో నైట్ షిఫ్టులు మొదలైనప్పుడు, 21 ఏళ్లకి, ఖైనీ అలవాటైంది నాకు. రోజుకి రెండు పాకెట్లు. మొన్న జనవరిలో కింది పెదవి లోపల తెల్లమచ్చ కనిపిస్తే పళ్ల డాక్టర్‌కి చూపించాను, వెంటనే ఆపేయమన్నారు. ఆ సాయంత్రమే నికోటిన్ గమ్ కొన్నాను. 2 ఎంజీకి చీటీ అక్కర్లేదు, 4 ఎంజీకి మాత్రం డాక్టర్ రాసివ్వాలి.

మొదటి వారం దండగైపోయింది. మెడికల్ షాపులో ఎలా వాడాలో చెప్పలేదు, పెట్టె మీద అంతా ఇంగ్లీషే, నేను బబుల్‌గమ్‌లా గబగబా నమిలేశాను. గొంతు మంట, ఎక్కిళ్లు, కడుపులో తిప్పడం. మళ్లీ ఖైనీకే పోయేవాణ్ణి గానీ పాకెట్ మీద ఉండే పొగాకు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 1800-11-2356 కి ఫోన్ చేశాను. ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. సోమవారం సెలవు, మిగతా రోజులు పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటారు. ఆ మేడమ్ ఎంత ఓపిగ్గా చెప్పారో! నెమ్మదిగా నమలాలి, ఘాటు తగలగానే ఆపి చెంపకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి, ఇలా అరగంట. ఖైనీ నొక్కే అలవాటున్న మనకి ఇది తొందరగానే వస్తుంది.

టీ తాగిన వెంటనే వేసుకుంటే మాత్రం పనిచేయదు. నోరు పుల్లగా ఉంటే నికోటిన్ ఒంటికి సరిగా పట్టదు, ఖైనీలో సున్నం కలిపితే బాగా ఎక్కేదీ అందుకే, సున్నం పులుపుకి సరిగ్గా ఉల్టా. టీ, కూల్‌డ్రింక్ తాగాక పావుగంట ఆగండి. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ పన్నెండు వారాలు.

గమ్ తీర్చలేనిది ఒకటుంది, చేతులు. అరచేతిలో వేసి బొటనవేలితో నలిపి, తట్టి, పక్కవాడికి చిటికెడు ఇవ్వడం, బ్రేక్‌లో మా స్నేహమంతా అదే. ఆ టైమ్‌లో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను, అందరికీ పెట్టాను కూడా. మొదటి మూడు రోజులు చిరాకు, నిద్ర లేదు, అమ్మ మీద కూడా అరిచేశాను.

మా రూమ్మేట్‌ది గుట్కా, ఇంటర్ కాలేజీ గేటు పక్క బడ్డీలో మొదలెట్టాడు, 100 గజాల లోపు అమ్మకూడదని చట్టం ఉన్నా. ఇప్పుడు వాడికి 23, నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టడం లేదు. అది గుట్కాలో ఉండే వక్క చేసే పని, గమ్‌తో పోదు. అలా ఉంటే గమ్ కొనేలోపే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ప్లీజ్.

ఖైనీ కంటే ఖరీదే. అయినా 5కి 4 ఇస్తాను. చివరి గమ్ వేసుకుని పదకొండు రోజులైంది. స్ట్రిప్‌లో నాలుగు మిగిలాయి, పారేయలేదు, వచ్చే నెల మా ఊళ్లో అమ్మవారి పండగ, పాత బ్యాచ్ అంతా వస్తారు, అవి జేబులో ఉండాలి.