జలనేతి చెంబు: రాగిదా, స్టీలుదా, ప్లాస్టిక్‌దా?

అనంతపురంలో ఆషాఢం గాలి లేచిందంటే తెల్లవారుజాము యోగా బ్యాచ్‌లో చాలామంది ముక్కులు బిగుసుకునే వస్తారు. ముక్కులో దారి లేనప్పుడు ఊపిరిని జోరుగా బయటికి కొట్టే కపాలభాతి చేయించి లాభం లేదు, ముక్కు మార్చి ముక్కుతో ఊపిరి తీసే నాడీశోధనలో లెక్కా కుదరదు. అందుకే ఐదున్నరకు క్లాసు పెట్టుకున్న గురువు నాలుగున్నరకే లేచి, జలనేతి, అంటే ఒక ముక్కులో ఉప్పునీళ్లు పోసి రెండో ముక్కులోంచి వదిలి కడుక్కోవడం, ముగించుకుని, ముక్కు పూర్తిగా ఆరాకే ప్రాణాయామానికీ జపానికీ కూర్చోవాలి. ఆ నేతికి వాడే కొమ్ముచెంబు పాత్రల అంగళ్లలోనూ ఆన్‌లైన్‌లోనూ మూడు రకాలుగా దొరుకుతోంది. నా ఓటు స్టీలుకే.

రాగి చెంబు చూడ్డానికి బాగుంటుంది, కాదనను. రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసి పొద్దున తాగే అలవాటున్నవాళ్లు నేతికీ అదే మేలనుకుంటారు. కానీ నేతికి పోసేది ఉప్పునీళ్లు. ఉప్పు తగిలితే రాగికి పచ్చగా కిలుము పడుతుంది, అదీ కొమ్ము లోపల, అతుకు దగ్గర. బయట చింతపండు పెట్టి తోమితే నిగనిగలాడుతుంది గానీ ఆ సన్నటి గొట్టంలోకి వేలు పోదు. ఆ కిలుము కలిసిన నీళ్లే ముక్కులోకి పోతాయి. ఇత్తడికీ ఇదే జబ్బు. శాస్త్రంలో రాగి అనే ఉందని అమ్మేవాళ్లు చెప్తే నమ్మకండి. పాత యోగ గ్రంథం హఠయోగ ప్రదీపికలో నేతికి చెప్పింది జానెడు నూలుదారం. అక్కడ చెంబు ఊసే లేదు.

ప్లాస్టిక్‌ది తేలిక, ప్రయాణాలకు పనికొస్తుంది. అయితే మరిగే నీళ్లు పోస్తే చవక రకం వంకర పోతుంది, గీతలు పడ్డచోట మురికి నిలుస్తుంది. మందుల షాపుల్లో అమ్మే పిండే సీసా వేరే సంగతి. గట్టిగా పిండితే నీళ్లు చెవివైపు తన్నుకుపోతాయి కాబట్టి అది డాక్టరు చెప్పినట్టే వాడాలి.

స్టీలులోనూ అన్నీ ఒకటి కావు. అంగట్లోనే నీళ్లు పోయించి చూడండి. కొమ్ము కొన చెంబు అంచుకంటే కిందికి ఉంటే, నిండా పోసిన నీళ్లు ముక్కుదాకా రాకముందే కారిపోతాయి. కొమ్మును మరీ పైన అతికించి ఉంటే అడుగున నీళ్లు మిగిలిపోయి చెంబును బాగా వంచాల్సొస్తుంది. కొన మొద్దుగా, ముక్కుపుటంలో సందు లేకుండా కూర్చునేలా ఉండాలి. వేలితో చుట్టూ తడిమి చూడండి, గీసుకుంటే పక్కన పెట్టేయండి. దూది చుట్టిన దారం ఒకటి కొమ్ములోంచి లాగితే లోపలి వెల్డింగ్ గరుకు తెలిసిపోతుంది, దూది పోగులు అక్కడే చిక్కుకుంటాయి. అర లీటరు పట్టేదే తీసుకోండి. పావు లీటరుది ఒక పక్కకే అయిపోతుంది, మధ్యలో మళ్లీ కలుపుకోవాలి, ఉప్పు కొలత తప్పేది అక్కడే.

ఆ కొలత లీటరుకు 9 గ్రాములు, అంటే అర లీటరుకు నాలుగున్నర. మెత్తటి ఉప్పయితే తలకొట్టిన ముప్పావు టీస్పూను. రాళ్లుప్పుకు చెంచా లెక్క కుదరదు, తూచాలి. కరిగాక అడుగున మట్టి తేరుతుంది కాబట్టి పల్చటి గుడ్డలో వడగట్టాలి. బావిలో దూకినప్పుడు ముక్కు మండేది నీళ్లలో ఉప్పు లేకే. ఎక్కువైనా మంటే.

నీళ్ల విషయంలో మాత్రం రాజీ వద్దు. బోరు నీళ్లయినా, ప్లాంటు క్యాను నీళ్లయినా సలసలా మరగడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచి, మూతపెట్టి చల్లార్చాలి. తాగితే ఏమీ చేయని నేగ్లేరియా అనే అమీబా ముక్కుగుండా వెళ్తే మెదడుకు ఎక్కి ప్రాణం తీస్తుంది. మణికట్టు లోపలివైపు పోసుకుంటే గోరువెచ్చగా తెలియాలి, కాలకూడదు.

వాడేటప్పుడు ముందుకు వంగి, తల పక్కకు తిప్పి, నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీయాలి. పై ముక్కులో కొమ్ము పెడితే కింది ముక్కులోంచి ధార వస్తుంది. గొంతులోకి దిగుతోందంటే తల వెనక్కి వాలిందన్నమాట. సగం చెంబు అయ్యాక రెండో పక్క. తర్వాత నడుము వంచి, రెండు ముక్కులూ తెరిచే ఉంచి మెల్లగా చీదాలి. ఒకటి మూసి గట్టిగా చీదితే నీళ్లు చెవిలోకి ఎక్కుతాయి. ముక్కులో తడి ఉండగా శీర్షాసనానికి పోవద్దు. ముక్కు పూర్తిగా మూసుకుపోయినా, చెవిపోటు ఉన్నా, ముక్కునుంచి రక్తం పడుతున్నా, ఈమధ్యే ముక్కు ఆపరేషన్ అయినా ఆ రోజులకు చెంబు ముట్టకండి.

ఒక ముక్కు కాస్త మందంగా ఉందని కూడా చెంబు ఎత్తక్కర్లేదు. కొన్ని గంటలకోసారి స్వరం, అంటే ఊపిరి ఎక్కువగా ఆడే ముక్కు, మారడం ఒంటి సహజం, ఎడమ పని చేసేటప్పుడు కుడి తగ్గుతుంది. దుమ్ము రోజుల్లో తప్ప వారానికి రెండు మూడుసార్లు చేస్తే చాలంటాను. క్లాసులో చూపించడానికి ఒకే చెంబు అందరి ముక్కులకూ తిప్పే పద్ధతి మానాలి, ఎవరి చెంబు వాళ్లదే.

పని అయ్యాక మరిగించిన నీళ్లతో కొమ్ము లోపలిదాకా కడిగి బోర్లించండి. బోరు నీళ్లకు తెల్లపొర పడితే నిమ్మరసం పోసి కాసేపు ఉంచితే వదులుతుంది. చెంబుతోపాటు అంటగట్టే ఉప్పు పొట్లాలకు విడిగా డబ్బు పెట్టొద్దు, వంటింటి తక్కెడ ఉంటే చాలు.