డెల్టాలో డీఎక్స్: ఎత్తున అడ్డ తీగ మేలా, నిలువు యాంటెన్నాల వరుస మేలా?

హామ్ (అమెచ్యూర్) రేడియోలో దూరదేశాల స్టేషన్లతో మాట్లాడడమే డీఎక్స్. బ్యాండ్లకు పేరు వాటి తరంగదైర్ఘ్యాన్ని బట్టే. 20 మీటర్ల బ్యాండులోనూ అంతకన్నా పొట్టి తరంగాల్లోనూ దూరదేశాలు పట్టాలంటే ఎత్తున అడ్డంగా కట్టిన యాంటెన్నాకు సాటి లేదు. 20 మీటర్ల టవరు మీద మూడు ఎలిమెంట్ల (అడ్డ కడ్డీల) యాగి యాంటెన్నా పెడితే ఎత్తు దాదాపు ఒక తరంగదైర్ఘ్యం అవుతుంది, ప్రధాన కిరణం నేలకు సుమారు 15 డిగ్రీల కోణంలో సాగుతుంది. కోణం ఎంత తక్కువైతే దూరదేశాలకు అంత మేలు. అసలు పేచీ 40 మీటర్ల బ్యాండు దగ్గర మొదలై, 80 దగ్గర ముదురుతుంది.

అడ్డ తీగ ఎత్తును తరంగదైర్ఘ్యాల్లోనే కొలవాలి. 40 మీటర్ల బ్యాండుకు మధ్యలో శక్తినిచ్చే అడ్డ తీగ, అంటే డైపోల్‌ను 10 మీటర్ల ఎత్తున కడితే అది పావు తరంగమే. శక్తిలో ఎక్కువ భాగం నడినెత్తికి పోతుంది. హైదరాబాదు, చెన్నై వాళ్లు చక్కగా వింటారు, న్యూజిలాండ్ వాళ్లు వినరు. అదే తీగ 20 మీటర్లకు చేరితే కోణం 30 డిగ్రీలకు దిగుతుంది. కోనసీమలో దాదాపు ఆ ఎత్తు పాత కొబ్బరి చెట్లే ఇస్తాయి. దింపు కార్మికుడి చేత రెండు చెట్లకు కప్పీలు కట్టించి, ఒక కొసకు బరువు వేలాడదీస్తే చెట్లు ఊగినా తీగ తెగదు. 80 మీటర్ల బ్యాండులో ఇదే ఫలితానికి 40 మీటర్ల ఎత్తు కావాలి. అంత చెట్టు మా వైపు ఎక్కడా లేదు. అంత టవరు నిలబెడతామంటే, 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవాళ్లు ఒప్పుకోరు.

నిలువు యాంటెన్నాకు ఈ బెడద లేదు. 40కి 10 మీటర్లు, 80కి 20 మీటర్ల గొట్టం చాలు. రెండింటిని పావు తరంగం ఎడంలో నిలిపి, ఒకదానికి 90 డిగ్రీల ఆలస్యంతో శక్తినిస్తే ప్రసారం ఒక వైపు మొగ్గుతుంది. నాలుగింటిని చదరం మూలల్లో నిలిపే ఫోర్ స్క్వేర్ ఒంటి నిలువు కంటే 5 డెసిబెల్స్ పైగా, అంటే మూడు రెట్లకు మించిన బలం ఇస్తుంది, రిలేలతో క్షణంలో దిక్కు మారుస్తుంది. కానీ అది భూమి అడుగుతుంది: కాళ్ల చుట్టూ నేలలో పరిచే తీగలైన రేడియల్స్‌తో కలిపి 40 మీటర్ల బ్యాండుకు సుమారు 22 సెంట్లు, 80కి 90 సెంట్ల దాకా. వరిచేలో పాతిన రేడియల్స్‌ను దమ్ము ట్రాక్టరు బతకనివ్వదు. దాళ్వా (రెండో పంట) కోత తర్వాత చేను ఖాళీగా ఉంటుంది గాని, అప్పుడు ఉరుముల గరగరకు ఈ బ్యాండ్లు వినలేం. చలికాలంలో బ్యాండు బాగున్నప్పుడు చేలో దాళ్వా నాట్లు పడుతుంటాయి!

ఇక నేల సంగతి. అడ్డ తరంగం ఎలాంటి నేల మీదైనా తక్కువ కోణంలో దాదాపు పూర్తిగా పరావర్తనం చెంది, సూటి తరంగంతో కలిసి 6 డెసిబెల్స్ దాకా బలం తెస్తుంది. నిలువు తరంగాన్ని మామూలు నేల సరిగ్గా మనకు కావలసిన తక్కువ కోణాల్లోనే మింగేస్తుంది. రేడియల్స్ ఎన్ని పరిచినా ఈ నష్టం తీరదు. అవి యాంటెన్నా కాళ్ల దగ్గరి నష్టాన్నే తగ్గిస్తాయి. పరావర్తనం జరిగేది ఎన్నో తరంగాల అవతల, పక్కవాళ్ల చేలల్లో. నీళ్లు నిలిచిన డెల్టా మట్టి రాతినేల కంటే ఎంతో నయమే, అయినా సముద్రపు నీటి విద్యుద్వాహకత దానికి వంద రెట్లకు పైమాటే. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వంటి చోట అలల అంచున రెండు నిలువులు పెడితే సముద్రం వైపు దూరాలకు కొబ్బరి చెట్ల మీది డైపోల్ పోటీకి రాదు. కిలోమీటరు లోపలికి జరిగితే ఆ లాభం చాలావరకు పోయినట్టే.

పైగా సముద్రం మనకు ఒక వైపే ఉంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆ వైపున ఉన్నాయి. ఐరోపా వాయవ్యాన, నేల మీదుగా. సుమారు 13 వేల కిలోమీటర్ల దూరంలోని న్యూయార్క్‌కు దగ్గర దారి కూడా ఉత్తర వాయవ్యంగా నేల మీదే మొదలవుతుంది. అయితే భూగోళాన్ని అటునుంచి చుట్టి వెళ్లే దీర్ఘమార్గం, దాదాపు 27 వేల కిలోమీటర్లు, మన తీరం నుంచి దక్షిణ ఆగ్నేయంగా బంగాళాఖాతం మీదుగా పోతుంది. పొద్దు పొడిచే, పొద్దు కుంకే వేళల్లో ఆ దారి తెరుచుకుంటే తీరంలోని వాళ్ల అదృష్టం అంతా ఇంతా కాదు.

అందుకే భీమవరం, మండపేట వైపువాళ్లకు 40 మీటర్లలో నా ఓటు ఎత్తైన డైపోల్‌కే, ఐరోపా కోసమైతే మరీను. 80కి మాత్రం ఎక్కడున్నా నిలువే.

కానీ నిలువు యాంటెన్నా చుట్టుపక్కల కరెంటు గోలను ఎక్కువగా లాగుతుంది. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరిగేదీ, ఈ బ్యాండ్లు తెరుచుకునేదీ రాత్రుళ్లే. ప్రసారానికి నిలువు ఉంచుకుని, వినడానికి వేరే తీగ వేయడం దీనికి మందు. కాలువ గట్టు వెంబడి మనిషెత్తున 150, 200 మీటర్ల బెవరేజ్ అనే వినికిడి తీగ లాగి, కొసను నిరోధకంతో నేలకు కలిపితే గట్టు సాగిన దిక్కు స్పష్టంగా వినిపిస్తుంది. సముద్రపు ఒడ్డువాళ్లకు ఈ సదుపాయం లేదు. బెవరేజ్‌కు నాసి నేలే కావాలి, ఉప్పునీటి మీద అది సరిగా పనిచేయదు. వాళ్లు చుట్టలా వంచిన చిన్న తీగ, అంటే లూప్‌తో సరిపెట్టుకోవాలి.