బొంగావ్ దాకా బాగానే ఉంటుంది

గుంటూరు నుంచి ఢాకాకు ఎండుమిర్చి పంపడానికి లారీ మేలా, ఓడ మేలా అని అడిగేవాళ్లకు నేను కిలోమీటర్ల లెక్క చెప్పను, బొంగావ్ గురించి చెబుతాను. పశ్చిమ బెంగాల్లో పెట్రాపోల్ సరిహద్దుకు కాస్త ముందు వచ్చే ఊరు అది. బంగ్లాదేశ్ వెళ్లే లారీలు తమ వంతు వచ్చేదాకా అక్కడి పార్కింగ్‌లో పడి ఉంటాయి. ఏళ్ల తరబడి ఈ దారినే సరుకు పంపుతున్నా, డ్రైవర్ ఫోన్ చేసి "బొంగావ్‌లో ఉన్నానండీ" అంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

అక్కడిదాకా వంక పెట్టడానికేమీ లేదు. విజయవాడ, విశాఖ, భువనేశ్వర్, బాలాసోర్ మీదుగా పదహారో నంబరు జాతీయ రహదారి. మూడు నాలుగు రోజుల్లో బండి కలకత్తా దగ్గర ఉంటుంది. బారాసాత్ దాటి జెస్సోర్ రోడ్డు ఎక్కాకే నడక మారుతుంది. రెండు వైపులా వందేళ్ల నాటి మహావృక్షాలు, మధ్యలో ఇరుకు రోడ్డు. చూడ్డానికి ఎంత బాగుంటుందో బండి తోలేవాడికి అంత నరకం.

ఒక ఏడాది బక్రీద్ ముందు తేజా రకం మిర్చి లోడు పంపాను. పండగకు ముందు అందరూ ఒకేసారి తోలతారు కాబట్టి వరుస పెరిగింది. మా బండి వంతు దగ్గరపడేసరికి పండగ సెలవులకు గేటు మూసేశారు. పైన ఎడతెరిపి లేని వాన. డ్రైవర్ రోజూ పొద్దున్నే లారీ ఎక్కి పట్టా మీద నిలిచిన నీళ్లు తోసేవాడు, దిగి నాకు ఫోన్ చేసేవాడు. పాపం, అతను చేయగలిగింది అంతే.

గేటు తెరిచాక అసలు కథ మొదలైంది. మన లారీ ఢాకా దాకా పోదు. సరిహద్దు దాటి బెనాపోల్ యార్డులో సరుకు దించాలి, అక్కడ వాళ్ల ట్రక్కులకు ఎక్కించాలి. ఆ రోజు షెడ్లన్నీ నిండి ఉన్నాయి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఆరుబయటే చేతులు మారాయి, జల్లు పడుతూనే ఉంది. ఎండుమిర్చిలో తేమ పది పదకొండు శాతం దాటితే బూజుకు దారి ఇచ్చినట్టే. వారం తిరగకుండా కొన్న ఆయన ఫొటోలు పంపాడు: కాయల మీద నల్ల మచ్చలు. ధర కోశాడు. లారీ ఓనరు "పొడిగానే తెచ్చాం" అన్నాడు. కస్టమ్స్ పనులు చూసే క్లియరింగ్ ఏజెంట్ వాన మీద పెట్టాడు. లారీ ఆగిన రోజులకు వేసే హాల్టింగ్ బిల్లు మాత్రం ఏ వాదన లేకుండా నా పేరు మీదే వచ్చింది, అదీ కిరాయితో పోటీ పడే అంకెతో.

2022లో రెండు మంచి పనులు జరిగాయి. బెంగాల్ ప్రభుత్వం లారీలకు ఆన్‌లైన్ స్లాట్ బుకింగ్ పెట్టింది. జూన్‌లో బెనాపోల్ నుంచి ఢాకా వెళ్లే దారిలో పద్మ నది మీద వంతెన తెరుచుకుంది, అంతకుముందు ఢాకా ట్రక్కులు ఫెర్రీ కోసం గంటల తరబడి కాచుకునేవి. ఇక కష్టాలు తీరాయని అప్పట్లో కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. స్లాట్ గేటు దాటిస్తుంది, అవతల దించే చోటు ఇప్పించదు. పైగా 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం పడిపోయినప్పుడు సరిహద్దు కొద్ది రోజులు మూతపడింది. 2025 ఏప్రిల్లో బంగ్లాదేశ్ మన నూలును భూమార్గాన రానివ్వమని ఆపేసింది, మేలో మనవాళ్లు వాళ్ల రెడీమేడ్ బట్టలకు అదే పని చేశారు. మిర్చి జోలికి రాలేదు, సంతోషం. కానీ ఒక కాగితంతో మూసేయగల దారి ఇది.

ఓడ మేలా అంటే, చెన్నైలో కంటైనర్ సీలు పడ్డాక నాకు నిద్ర పడుతుంది. వాన భయం లేదు, లోపల తేమ పీల్చే సంచులు వేలాడదీస్తే చాలావరకు సరిపోతుంది. కానీ బంగ్లాదేశ్‌లో సరుకు దిగే చిట్టగాంగ్ రేవు కర్ణఫూలి నది మీద ఉంది. లోతు తక్కువ, పెద్ద ఓడలు లోపలికి రాలేవు. అందుకే సరుకు కొలంబోకో సింగపూర్‌కో వెళ్లి చిన్న ఓడ ఎక్కి వెనక్కి రావాలి. విశాఖకు టికెట్ కొంటే తిరుపతి మీదుగా తిప్పినట్టు! రెండు దేశాల మధ్య 2015లో కుదిరిన ఓడల రాకపోకల ఒప్పందంతో కృష్ణపట్నం లాంటి రేవుల నుంచి నేరుగా వెళ్లే వీలు వచ్చింది గానీ, ఒకటి రెండు కంటైనర్లు పంపే నాకు ఎక్కువసార్లు దొరికింది చుట్టుదారి బుకింగే. చిట్టగాంగ్‌లో దిగాక ఢాకాకు మళ్లీ రెండొందల యాభై కిలోమీటర్ల రోడ్డు.

రైలు సంగతీ చెప్పాలి. లాక్‌డౌన్‌లో సరిహద్దు లారీలకు మూతపడ్డాక, 2020 జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కు పార్శిల్ రైలు వేశారు. పదహారు పెట్టెలు, సుమారు 384 టన్నుల మిర్చి. రైల్వే చెప్పిన లెక్క టన్నుకు 4,608 రూపాయలు, రోడ్డు మీద 7,000. అంతకుముందు గూడ్స్ రైలంటే 1,500 టన్నులకు తగ్గకుండా నింపాలి, అది నా బోటివాడి వల్ల అయ్యే పని కాదు. మూడు దారుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. కాకపోతే పదిమంది వ్యాపారుల సరుకు ఒకే రోజుకు సిద్ధం కావాలి, మా యార్డులో అది పెళ్లి ముహూర్తం కుదర్చడం కంటే కష్టం.

ప్రస్తుతానికి కొత్త పంట వచ్చే జనవరి నుంచి మే దాకా లారీయే వాడుతున్నాను. ధర ఊగే రోజుల్లో సరుకు త్వరగా చేరడం ముఖ్యం, అవసరమైతే దారిలో ఆపి వెనక్కి పిలవొచ్చు కూడా. జూన్ తర్వాత కోల్డ్ స్టోరేజీ సరుకైతే, కొన్నవాళ్లు ఆగగలిగితే, ఓడ. కొత్త బేరగాడైతే కాలంతో పని లేకుండా ఓడే. ఓడ కంపెనీ ఇచ్చే సరుకు హక్కు పత్రం, అంటే ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్, బ్యాంకులో ఉన్నంతకాలం సరుకు నా చేతిలో ఉన్నట్టే, లారీ రసీదుకు ఆ బలం లేదు. చైనాకో థాయిలాండ్‌కో పంపేవాళ్లకు ఈ తర్జనభర్జన లేదు, వాళ్లకు ఓడ ఒక్కటే దారి. వాళ్లను చూస్తే ఒక్కోసారి అసూయగా ఉంటుంది.